లూథర్ బర్బాంకు: గింజలో దాగిన పూర్వీకులు

అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి తీరమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా సుమారు ఏబది మైళ్ళ దూరమున, సాంటా రోజా అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దినములలో ఆ పట్టణమందలి యొక తోటలో అక్రోటు మొక్కల వరుస యొకటి చూచువారికి వింత గొలుపుచుండెను. ఆ మొక్కలన్నియు ఒకే చెట్టు కాయలనుండి మొలచినవి. ఒకే నేలలో పెరిగి, ఒకే నీరు త్రాగినవి. అయినను ఒకటి నిలువెత్తు ఎదుగగా దాని ప్రక్కనున్నది జానెడు మించలేదు. ఒకదాని ఆకు వెడల్పు. వేరొకదాని ఆకు సన్నము. కొన్నింటికి తల్లి పోలిక కలదు. కొన్నింటికి అమ్మమ్మ పోలిక. పెక్కింటికి ఎవరి పోలికయో చెప్పుటకే వీలులేదు. తల్లిచెట్టు సామాన్యమైనది కాదు. అక్రోటు జాతిలో అంతకుముందు ఎవరును చూడనంత వేగముగా పెరిగిన మహావృక్షమది. దాని బిడ్డలలో ఆ గుణము నిలువక ఇట్లు చెదరిపోవుటకు కారణమేమి?

ఆ తల్లిచెట్టును పుట్టించినవాడు లూథర్ బర్బాంకు. ఎనిమిది వందలకు పైగా క్రొత్త రకముల పండ్లను, పూలను, కూరలను లోకమునకు ఇచ్చిన తోటమాలిగా ఆయన పేరు ప్రసిద్ధము. ఆ కాలపు పత్రికలవారు ఆయనను మాంత్రికునిగా కీర్తించిరి. చెట్లతో ఆయన చేసిన పని ఎంత గొప్పదో, ఆ పనికి ఆయన చెప్పిన కారణము అంత పొరపాటు. ఈ రెండింటిని వేరుచేసి చూచినగాని ఆయన జీవితము బోధపడదు.

బర్బాంకు 1849 మార్చి 7వ తేదీన, ఆ దేశపు తూర్పు భాగముననున్న మాసచూసెట్స్ రాష్ట్రమందలి లాంకాస్టరు గ్రామమున జన్మించెను. తండ్రికి ఆయన పదమూడవ సంతానము. తండ్రి సేద్యము చేయుచు, ఇటుకలు కాల్పించి అమ్ముచుండెను. బాలునికి అబ్బిన చదువు స్వల్పము. కొన్నాళ్ళు వూస్టరు పట్టణమున నాగళ్ళు చేయు కర్మాగారమునందు పనిచేసెను. 1868లో తండ్రి మరణింపగా, తన వాటాకు వచ్చిన సొమ్ముతో ఇరువదియొకటవ యేట లూనెన్‌బర్గు వద్ద పదునేడు ఎకరముల నేల కొని, కూరగాయలు పండించి అమ్ముటకు మొదలిడెను.

ఆ దినములలోనే ఆయన చేతికొక గ్రంథము చిక్కెను. మనుష్యులు పెంచు జంతువులలోను మొక్కలలోను కలుగు మార్పులను గూర్చి చార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన రెండు సంపుటముల గ్రంథమది. పెంపుడు మొక్క ఎన్ని విధముల మారునో, మారినది ఎప్పుడెప్పుడు పూర్వరూపమునకు మరలునో డార్విన్ అందు ఉదాహరణములతో చూపెను. పీచ్ చెట్టు కొమ్మ యొకటి ఉన్నట్లుండి నూగులేని నెక్టరిన్ పండ్లను కాయుట వంటి విచిత్రములు అందు పెక్కు కలవు. ఇట్టి మార్పులు ఎందుకు కలుగునో డార్విన్‌కును తెలియదు. కాని మార్పు అనునది ఎల్లప్పుడు కలుగుచునే యుండుననియు, దానిని ఏరి నిలుపుకొనువానిదే భాగ్యమనియు ఆ కూరగాయల రైతు గ్రహించెను. వేయి పాఠములు నేర్పలేని దానిని ఒక గ్రంథము నేర్పుట అప్పుడప్పుడు జరుగుచుండును.

తరువాత కొలది కాలమునకే ఆయనకు అవకాశము తటస్థించెను. బంగాళాదుంపను రైతులు గింజతో పెంచరు. కన్నున్న దుంపముక్కను నాటుదురు. కావున ఒక రకము ఎన్ని పొలములకు వ్యాపించినను, అదంతయు ఒకే మొక్క దేహము తెగి తెగి పెరుగుటయే. ఆ కాలమున ప్రసిద్ధమైన అర్లీ రోజ్ అను రకము కాయలు కాయుట మిక్కిలి అరుదు. ఒకనాడు బర్బాంకునకు తన మడిలో ఆ రకపు మొక్కపై చిన్న కాయ కనబడెను. అది పండువరకు ఆయన దినదినము కాచుకొని యుండెను. తీరా పండు సమయమునకు కాయ కనబడకపోయెను! చుట్టుపట్ల నేలనంతయు మరల మరల వెదకగా, కొన్ని అడుగుల దూరమున రాలియున్న ఆ కాయ దొరకెనని ఆయన తరువాత చెప్పుకొనెడివాడు. అందలి గింజలు 23. అన్నియు మొలచెను. త్రవ్వి చూడగా 23 మొక్కలకు 23 తీరుల దుంపలు. కొన్ని వంకరలు, కొన్ని గోళీలంతటివి, కొన్ని లోతైన కన్నులు గలవి. ఒక మొక్క క్రింద మాత్రము పెద్దవై, నునుపై, తెల్లని తోలు గల దుంపలు రాశిగా పడియుండెను.

ఒకే మొక్క, ఒకే కాయ. అయినను ఇన్ని రూపములు! ఆ రూపములన్నియు ఆ మొక్కలో ముందే దాగియుండెను. దుంపముక్కలతో పెంచినంత కాలము అవి బయటపడుటకు దారిలేకపోయినది. గింజ ఆ దారిని తెరచెను. బర్బాంకు ఆ దుంపను గ్రెగరీ యను విత్తన వ్యాపారికి నూటయేబది డాలర్లకు విక్రయించెను. ఆయన కోరినది అయిదు వందలు. వ్యాపారి దానికి బర్బాంకు పేరే పెట్టి, పది దుంపలను మాత్రము ఆయనకు విడిచెను. ఆ పది దుంపలతోను, చేతిలోని కొద్ది సొమ్ముతోను బర్బాంకు 1875లో కాలిఫోర్నియాకు పయనమయ్యెను. అన్నలు అప్పటికే అక్కడ స్థిరపడియుండిరి.

సాంటా రోజాలో మొదటి దినములు కష్టముగా గడచెను. వడ్రంగి పనికి పోయెను. దొరకిన కూలి చేసెను. కోళ్ళగూటిలో రాత్రులు వెళ్ళబుచ్చెను. జ్వరపడి లేవలేని స్థితిలో పొరుగింటి యిల్లాలు పోసిన పాలతో బ్రదికెను. 1877లో చిన్న నర్సరీ తోట పెట్టెను. ఆ యేటి అమ్మకము పదునైదు డాలర్ల ప్రాంతము. ఆయన పేరు ఆ ప్రాంతమున మారుమ్రోగుటకు నాలుగేండ్లు పట్టెను. అందుకు కారణమైన ఉదంతము ఈ విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది.

ప్లమ్ అనునది చల్లని దేశములలో కాయు తీపు పులుపుల గుండ్రని పండు. ఎండబెట్టి నిలువచేయుటకు అనువైన దాని రకమును ప్రూన్ అందురు. 1881లో డటన్ అను ధనికుడు ఆ యేడాది చివరకే తనకు ఇరువది వేల ప్రూన్ అంట్లు కావలెనని కోరెను. మామూలు పద్ధతిలో అందుకు రెండు మూడేండ్లు పట్టును. బర్బాంకు సాహసించి ఒప్పుకొనెను. ఆ ఋతువున త్వరగా మొలచునది బాదము గింజ యొక్కటియే యని ఆయనకు తెలియును. బాదము గింజలను ఇసుకలో పరచి, గోనెపట్టాలు కప్పి తడిపి, మొలకెత్తినవానిని మడులలో నాటించెను. వేసవికి అవి అంటునకు తగినంత ఎదిగెను. కూలీలను పెట్టి ప్రతి బాదము మొక్కకును ఒక ప్రూన్ కన్ను అంటుకట్టించెను. కన్ను అంటుకొనిన పిమ్మట పైనున్న బాదము కొమ్మను ఖండింపక వంచి విరచి వ్రేలాడనిచ్చెను. అది క్రొత్త కన్నునకు కొంతకాలము ఆహారమునిచ్చెను. డిసెంబరు నాటికి పందొమ్మిది వేలకు పైగా ప్రూన్ మొక్కలు సిద్ధమయ్యెను.

వేళ్ళు బాదమువి, కొమ్మలు ప్రూనువి. ఆ చెట్లు బాదముకాయలు కాయలేదు. బాదము కలిసిన ప్రూనులును కాయలేదు. కన్ను ఏ చెట్టుదో పండు ఆ చెట్టుదే. వేరు చెట్టునకు నీటిని, ఉప్పులను అందించును. పెరుగుదలను కొంత పెంచును, తగ్గించును. కాని పండు రకమును మార్చదు. అంటుకట్టిన చెట్టు కొన్నేండ్లకు రకము మారిపోయినదని రైతులు ఒక్కొక్కప్పుడు వాపోవుట కలదు. చాలసార్లు అక్కడ మారినదేమియు ఉండదు. అంటు క్రిందినుండి వేరుమూలపు చిగురు లేచి, బలిసి, పై రకమును మ్రింగివేసియుండును. అద్దెకున్నవాడు ఇల్లు ఆక్రమించినట్లు కాదు. ఇంటివాడే తిరిగివచ్చి అద్దెవానిని వెడలగొట్టినట్లు.

గింజ సంగతి వేరు. మన బంగినపల్లి టెంకను నాటి బంగినపల్లి కాయలకై పదేండ్లు ఎదురుచూచి నిరాశపడినవారు లేని గ్రామముండదు. గింజలో సగము తల్లిది, సగము పుప్పొడి నిచ్చిన తండ్రిది. తండ్రి ఏ తోటలోనిదో తేనెటీగకు తెలియవలెను. ప్లమ్, ఆపిల్ వంటి చెట్లలో పెక్కు రకములు తమ పుప్పొడితో తాము కాయనే కాయవు. పరాగము పరాయి చెట్టునుండి రావలసినదే. తల్లి యొక్కటే అయినను చిక్కు తీరదు. తరతరములుగా సంకరమగుచు వచ్చిన చెట్టులో ప్రతి గుణమునకును రెండు పాళ్ళు ఉండును. అవి రెండును ఒక్కటి కానక్కరలేదు. ఒకటి పైకి కనబడును, రెండవది అణగియుండును. గింజ ఏర్పడునపుడు ఈ పాళ్ళు విడిపోయి క్రొత్తగా కలియును. తాత ముక్కు మనుమనికి, మేనమామ పోలిక మేనకోడలికి వచ్చినట్లు, అణగియున్నది అప్పుడు తలయెత్తును. మనుష్యుడు ఏరి తెచ్చిన తియ్యని పండు ఒక అరుదైన కలయిక. ఆ కలయికయే విడిపోయినపుడు చిన్నకాయ, పులుపు, ముల్లు వంటి అడవి గుణములు బయటపడుట సహజము. చెట్టు వెనుకకు పోయినదని మన మనుకొందుము. నిజమునకు వెనుకటివి ఎప్పుడును అందే యున్నవి.

ప్రూనుల బేరముతో నిలదొక్కుకొనిన బర్బాంకు 1885లో సెబాస్టపోల్ వద్ద గోల్డ్ రిడ్జ్ అను పొలము కొని, అమ్మకపు నర్సరీకంటె ప్రయోగముల తోటకే తన కాలమును వినియోగించుటకు నిశ్చయించెను. ఆ యేడే జపాను నుండి పండ్రెండు ప్లమ్ మొక్కలు ఓడలో వచ్చెను. వానిలో ఒకదానికి సత్సుమా అని పేరిడెను. మరొకటి బర్బాంకు ప్లమ్ అని పిలువబడెను. జపాను ప్లములను అమెరికా ప్లములతోను, ఐరోపా ప్లములతోను, చైనా ప్లముతోను సంకరము చేసి, వాని గింజలను వేలకొలది మొలపించెను. 1906లో వెలువడిన సాంటా రోజా ప్లమ్ ఈ తోట సంతానమే. నేటికిని దానిని పెంచువారు కలరు.

ఆయన పని పద్ధతి విలక్షణమైనది. పూవు కేసరములను తీసివేసి, మరొక చెట్టు పుప్పొడిని వ్రేలితో అద్దెడివాడు. గింజలనుండి వచ్చిన చిన్న మొక్కల వరుసలమధ్య నడచుచు ఆకు పొంకమును, కాడ మందమును, మొగ్గ బలుపును చూచి, ఇది మంచిదగునని తోచిన దానికి తెల్లగుడ్డ పేలిక కట్టించెడివాడు. తక్కినవి పీకివేయబడును. ఏరిన మొక్క కాయుటకు ఏండ్లు వేచియుండక, దాని కొమ్మను ముదురు చెట్టునకు అంటుకట్టి త్వరగా కాయించెడివాడు. ఒకే చెట్టుపై వందలకొలది విత్తుమొక్కల కొమ్మలు కాచుచుండెను. ఒక యేట అరువదియైదు వేల సంకర బెర్రీ పొదలను ఏరివేసి తగులబెట్టించెను. చూచువారికది ఉన్మాదముగా తోచెను. గింజలోని కలయికలు ఎన్నెన్నియో, వానిలో పనికివచ్చునది ఎంత అరుదో ఎరిగినవానికి అది లెక్క ప్రకారము చేసిన పని.

బ్లాక్‌బెర్రీ పండ్లు నల్లనివి. వెలిసిన రంగు పండ్లు గల ఒక మొక్కను మేలైన నల్లరకముతో కలిపి తెల్లని బ్లాక్‌బెర్రీని సాధింపవలెనని ఆయన తలచెను. మొదటి తరమున పుట్టినవన్నియు నల్లవే. వేరొకడైనచో ఆశ వదలుకొనియుండును. బర్బాంకు ఆ నల్లపండ్ల గింజలనే మరల నాటెను. ఆ తరమున కొన్ని మొక్కలు తెల్లని పండ్లు కాచెను. వానిలో ఏరి, పెంచి, 1894లో ఐస్‌బెర్గ్ అను పేరుతో విడుదల చేసెను. ఆస్ట్రియా సామ్రాజ్యమందలి యొక మఠములో బఠాణీ మొక్కలను లెక్కించి గ్రెగర్ మెండెల్ 1866లో ప్రకటించిన సూత్రమే ఇచ్చట కన్నులయెదుట ఆడినది. మొదటి తరమున అణగిన గుణము నశింపదు. రెండవ తరమున కొన్నింట మరల కనబడును. మెండెల్ వ్యాసము 1900 వరకు మరుగుపడియుండెను. బర్బాంకు దానిని ఎరుగడు. చేతికి తెలిసినది మాటకు చిక్కలేదు.

మొదట చెప్పిన అక్రోటు చెట్టు రహస్యమును ఇదియే. కాలిఫోర్నియా నల్ల అక్రోటును, తినుటకు వాడు ఐరోపా అక్రోటుతో బర్బాంకు సంకరము చేసెను. తల్లి, తండ్రి ఇద్దరిని మించి ఎదిగిన ఆ సంకరమునకు పారడాక్సు అని పేరిడెను. మొదటి తరపు సంకరములలో ప్రతి గుణమునకును రెండు వంశముల పాళ్ళును జతపడి యుండును; ఒకదాని లోపమును ఒకటి కప్పును. కాని ఆ చెట్టు కాయలలో జతలు చెదరును. కావుననే దాని బిడ్డలలో నిలువెత్తువి, జానెడువి ఒకే వరుసలో నిలిచినవి. పారడాక్సు కలపకంటె వేరుమూలముగా ఎక్కువ ప్రసిద్ధి చెందినది. కాలిఫోర్నియా అక్రోటు తోటలలో నేటికిని చాలచోట్ల వేళ్ళు పారడాక్సువి, కొమ్మలు ఐరోపా అక్రోటువి.

పాత గుణములు కలిసి విడిపోవుట వలననే అన్ని మార్పులును వచ్చుననుకొనరాదు. ఎన్నడును లేనిది అప్పుడప్పుడు పుట్టును. మొక్క పెరుగునపుడు కణములు చీలుచు, తమ జన్యులిపికి ప్రతులు వ్రాసికొనుచుండును. లక్షల పంక్తుల గ్రంథమును తాటాకులపై మరల మరల ఎత్తివ్రాయు లేఖకుడు ఎచ్చటనో ఒక అక్షరము జారవిడుచును. తరువాతి ప్రతులన్నిటను ఆ తప్పే నిలుచును. చిగురు కొననున్న ఒక్క కణమున ఇట్లు జరిగినచో, దానినుండి పెరిగిన కొమ్మ తక్కిన చెట్టుకంటె వేరగును. దీనిని ఉత్పరివర్తనము అందురు. డార్విన్ గ్రంథములోని పీచ్ చెట్టు నెక్టరిన్ కాయుటకు ఇదియే కారణము. బర్బాంకు నివసించిన కాలిఫోర్నియాలోనే దీనికి గొప్ప నిదర్శనముండెను. బ్రెజిల్ దేశమున ఒక నారింజ చెట్టు కొమ్మపై పుట్టిన గింజలేని బొడ్డు నారింజ అంట్లు 1873లో రివర్‌సైడ్ పట్టణమునకు చేరెను. ఆ రెండు మూడు చెట్ల కన్నులతోనే ఆ రాష్ట్రపు నారింజ తోటలు విస్తరించెను. గింజయే లేని పండునకు కన్ను తప్ప వేరు వంశమార్గము లేదు.

ఇట్టి కొమ్మలును ఒక్కొక్కప్పుడు పూర్వరూపమునకు మరలును. చిగురు కొన ఉల్లిగడ్డవలె పొరలు పొరలుగా నిర్మింపబడియుండును. మార్పు పై పొరకు మాత్రమే కలిగి, లోపలి పొర పాతదిగానే మిగిలియుండవచ్చును. చలి వలననో కత్తి వలననో పై పొర చెడి లోపలి పొరనుండి చిగురు లేచినచో, ఆ చిగురు పాత రకమే. ముండ్లులేని కొన్ని బ్లాక్‌బెర్రీ మొక్కల వేళ్ళనుండి పుట్టిన పిలకలకు ముండ్లుండుట ఇందువలననే. రెండు రంగుల ఆకులు గల అలంకారపు చెట్లపై పచ్చని కొమ్మ లేచి, బలముగా పెరిగి, చెట్టునంతయు పచ్చగా మార్చుటయు చాలవరకు ఇట్టిదే. తోటమాలి ఆ కొమ్మను చూచిన వెంటనే మొదలంట కోయవలెను.

1893లో బర్బాంకు తన క్రొత్త సృష్టుల పట్టిక ప్రకటించినప్పటినుండి ఆయన కీర్తి దేశదేశముల వ్యాపించెను. 1904లో హాలెండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూగో డి వ్రీస్ సాంటా రోజాకు వచ్చెను. మెండెల్ సూత్రములను మరల వెలికితీసిన ముగ్గురిలో ఆయన ఒకడు. ఉత్పరివర్తన వాదమును ప్రతిపాదించినవాడును ఆయనయే. ఆ మహాపండితుడు తోటమాలి కంటిచూపును, ఓర్పును మెచ్చుకొనెను. 1906లో మరల వచ్చెను. కాని తన సిద్ధాంతమునకు కావలసిన లెక్కలు అచ్చట ఆయనకు దొరకలేదు.

ఆ లెక్కలకై మరొక ప్రయత్నము జరిగెను. వాషింగ్టనులోని కార్నెగీ సంస్థ 1905 నుండి సంవత్సరమునకు పదివేల డాలర్ల చొప్పున బర్బాంకునకు ధనసహాయము చేయుచు, ఆయన ప్రయోగములను శాస్త్రరీతిని లిఖించుటకు జార్జి హారిసన్ షల్ అను యువ శాస్త్రజ్ఞుని పంపెను. షల్ తెలిసికొనగోరినవి చిన్న చిన్న ప్రశ్నలు. ఏ పూవుపై ఏ పుప్పొడి పడినది? ఎన్ని గింజలు మొలచినవి? వానిలో ఎన్ని తల్లిని పోలినవి, ఎన్ని వెనుకకు మరలినవి? ఏరివేసినవానిని ఎవరైన లెక్కించిరా? సమాధానములు చాలవరకు బర్బాంకు జ్ఞాపకములోనే యుండెను. లేదా ఎచ్చటను లేకుండెను. అద్దిన పూవును మరొక తేనెటీగ తాకకుండ మూయుట కూడ ఎల్లప్పుడు జరుగలేదు. అందుచేత తండ్రి ఎవరో రూఢిగా చెప్పలేని సంకరములు పెక్కు కలవు. బర్బాంకునకేమో కాలము చాలదు. తోట చూడవచ్చువారి రద్దీ. ప్రశ్నలు అడుగువారిపై విసుగు. శాస్త్రమునకు తగులబెట్టిన అరువదియైదు వేల పొదలే కావలెను. తోటమాలికి మిగిలిన ఒక్క పొదయే కావలెను. ఇద్దరిలో ఎవరిని తప్పుపట్టుటయు కష్టము. 1909 చివరకు ధనసహాయము నిలిచెను. షల్ నివేదిక వెలుగు చూడలేదు. ఆ షల్ మాత్రము మొక్కజొన్న సంకరములపై పరిశోధనచేసి, మొదటి తరమున కలుగు అధిక బలమునకు 1914లో హెటిరోసిస్ అను పేరు పెట్టెను. మన పాఠ్యపుస్తకములలో దానినే సంకర తేజము అందురు. సాంటా రోజాలోని పారడాక్సు అక్రోటులో నిలిచియున్నది ఆ తేజమే.

ముండ్లులేని నాగజెముడు వలన బర్బాంకునకు కీర్తితోపాటు నిందయు వచ్చెను. ఎడారి భూములలో పశువులకు మేతగా పనికివచ్చునని వివిధ దేశముల నాగజెముడులను తెప్పించి, కలిపి, ఏరి, నున్నని ఆకుదిమ్మలు గల రకములను 1907 ప్రాంతమున ఆయన విక్రయించెను. ముండ్లులేని నాగజెముడులు అంతకుముందే మెక్సికో మొదలగుచోట్ల ఉండెను; ఆయన చేసినది వానిని మెరుగుపరచుట. కొనినవారు మితిమీరిన ఆశలు పెట్టుకొనిరి. దిమ్మను పాతినచో ముండ్లులేని మొక్కయే వచ్చును. గింజలు రాలి మొలచినచో పెక్కింటికి ముండ్లు మొలచును. పైగా ముల్లు లేని మొక్కను పశువులు వేరుతో సహా మేయును గాన దానికి కంచె వేయక తప్పదు. ఎడారిలో ముల్లు ఎందుకున్నదో అప్పుడు కొందరికి తెలిసివచ్చెను.

తన మొక్కలు మారుటకును, నిలుచుటకును బర్బాంకు చెప్పిన కారణము వేరు. వంశగుణమనునది గతించిన పరిసరముల ప్రభావమంతయు కూడి మిగిలిన మొత్తమని ఆయన నమ్మెను. ఒక అలవాటును కొన్ని తరములు మరల మరల చేయించినచో అది మొక్కకు స్వభావమై స్థిరపడునని భావించెను. చెట్టు తన జీవితములో ఆర్జించినది దాని గింజకు అందునని ఇందలి తాత్పర్యము. ఈ అభిప్రాయమును జన్యుశాస్త్రము అంగీకరింపలేదు. ఆయన పెంచిన పారడాక్సు పిల్లలే ఆయన వాదమునకు విరుద్ధముగా సాక్ష్యము చెప్పుచున్నవి. తల్లి మహావృక్షమై ఎంత కాలము జీవించినను, ఆ జీవితము బిడ్డల పాళ్ళను మార్చలేదు.

చివరి దినములలోను ఆయన తోట పని మానలేదు. ఎడిసన్, ఫోర్డు వంటివారు ఆయనను చూడవచ్చిరి. భారతదేశమునుండి పోయిన పరమహంస యోగానంద ఆయనకు మిత్రుడై, 1946లో ప్రకటించిన తన ఆత్మకథను బర్బాంకు స్మృతికి అంకితమిచ్చెను. కాలిఫోర్నియా ప్రభుత్వము ఆయన పుట్టినదినమును వృక్షదినోత్సవముగా నిర్ణయించెను. 1926 ఏప్రిల్ 11వ తేదీన, డెబ్బదియేడవ యేట, బర్బాంకు సాంటా రోజాలో కన్నుమూసెను. ఆయన కోరిక ప్రకారము ఇంటి ముంగిటనున్న లెబనాన్ దేవదారు క్రింద సమాధి చేసిరి. క్రొత్త మొక్క రకమును కనిపెట్టినవానికి పేటెంటు హక్కు నిచ్చు చట్టము అమెరికాలో 1930లో వచ్చెను. అప్పటికి ఆయన గతించి నాలుగేండ్లు. అయినను పదునారు మొక్కలకు ఆయన పేర పేటెంట్లు లభించెను. ఆ చట్టము వర్తించునది కన్నుతో, కొమ్మతో పెంచు మొక్కలకు. దుంపతో పెంచు బంగాళాదుంపకు అది వర్తింపదు.

ఆ బంగాళాదుంప కథ నూటయేబది డాలర్లతో ముగియలేదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో, నున్నని తెల్లతోలు గల బర్బాంకు దుంపల వంశమున, గరుకైన గోధుమరంగు తోలు గల దుంప యొకటి వెలుగులోనికి వచ్చెను. దానిని ఎవరును సంకరము చేయలేదు. ఎవరును గింజ నాటలేదు. ఏదో పొలములో, ఒక దుంప కన్నులో, ఒక అక్షరము జారినది. తోలు తప్ప తక్కినదంతయు బర్బాంకు దుంపయేనని ఇటీవలి డి.ఎన్.ఏ. పరీక్షలును తెలిపినవి. రసెట్ బర్బాంకు అను పేరుతో అది ఉత్తర అమెరికాలో అన్నిటికంటె విరివిగా పండించు బంగాళాదుంపలలో ఒకటియై, వేపుళ్ళ కర్మాగారములకు ముఖ్యమైన సరకైనది. తొలి తెల్లతోలు బర్బాంకును పండించువారు నేడు అరుదు.